ఇరవైకి తక్కువ రాదు

మిన్యా,
జనవరి 14

బదరియ్య అక్కా,

ముందు తిట్టు, తర్వాత సలాం. నీకు ఆరో నెలని పడవ మనిషి చెబితే తెలిసింది నాకు. టొమాటో గంపలు దించుతూ, "ఇన్సాఫూ, మీ అక్క కడుపు నా పడవంత అయింది" అని రేవులో అందరూ వినేలా అరిచాడు. సొంత చెల్లెలికి ఒక ముక్క రాయడానికి చేతికేం రోగమొచ్చింది నీకు? ఇంతకుముందు రెండుసార్లు జరిగినదానికి బెంగపడి దాచావనుకుంటాను. సరే, వదిలేశాను.

ఇప్పుడు అసలు కబురు. నర్సు బడి అయిపోయాక ఆసుపత్రిలో పని దొరికిందని చెప్పాను కదా, అది మంచం దుప్పట్లు మార్చే పని కాదు. మేం ప్రేమను కొలుస్తున్నాం! నవ్వకు. జ్వరానికి కొలత ఉంది, నైలు నది పొంగుకి కొలత ఉంది, తల్లికి బిడ్డ మీద ఉన్న మమకారానికి ఎందుకుండకూడదు? ఇరవై ప్రశ్నలు. ఒక్కోదానికి "ఎప్పుడూ లేదు" అంటే ఒకటి, "ఎల్లప్పుడూ" అంటే ఐదు. ఎంత రాతిగుండె అయినా ఇరవైకి తక్కువ రాదు, ఎంత కన్నతల్లి అయినా వందకి మించదు. నలభై లోపు వస్తే కాగితం మూల ఎర్ర చుక్క పెడతాం. అంటే ఆ తల్లికి సాయం కావాలని అర్థం.

స్టేషన్ దగ్గర బండి మీద అమ్మే చిన్న పుస్తకాలు మొత్తం చదివేశాను. బిడ్డ కడుపులోనే వింటుందట. ఈ దేశం బాగుపడాలంటే పార్లమెంటులో కాదక్కా, కడుపులోంచి మొదలుపెట్టాలి. నేను రాసిన వాక్యమే ఇది. గోడకి అంటించుకున్నాను.

నీకో కాగితం పంపుతున్నాను. పెన్సిలుతో టిక్కు పెట్టు. నిజం రాయి. వెనకవైపు తండ్రికి పది ప్రశ్నలున్నాయి, మఖ్లూఫ్ బావని అడుగు. కాన్పు మాత్రం ఇక్కడే, ఆ ముసలి మంత్రసాని చేతుల్లో కాదు. ఈసారి నా మేనకోడలు బతకాలి. మేనకోడలే, నాకు తెలుసు!

నీ చెల్లెలు
ఇన్సాఫ్

---

నజ్లెత్ హమాం,
తూబా నెల, చలి

ఇన్సాఫూ,

కాగితం అందింది. టిక్కులు పెట్టాను. అత్త పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న చదివించుకుని విన్నది. "బిడ్డ ముఖం ఎలా ఉంటుందో ఊహిస్తారా?" అని చదివితే, "గేదెదూడలా ఉంటుందని రాయవే, మీ ఆయన పోలికే కదా" అంది. మీ బావేమో, "తలుపేసి ఉన్న ఇంట్లో చుట్టం ఎవరో నాకేం తెలుసు? తీశాక అడగమను" అన్నాడు. అదే రాశాను. టిక్కు పెట్టడానికి గడి లేకపోతే పక్కన రాశాను, తప్పయితే క్షమించమను మీ డాక్టరు గారిని.

నేను నిజమే రాశాను. దానితో మాట్లాడను. దానికి పేరు అనుకోలేదు. బట్టలు కుట్టలేదు, నువ్వు కూడా ఏమీ పంపకు. కదిలినప్పుడు చెయ్యి పెట్టి చూసుకోను. అదొక ముద్ద, మోస్తున్నాను, అంతే. పుల్లటిదేదో తినాలని కూడా లేదు.

ఇంకొక మాట. ఉత్తరంలో "మేనకోడలు" అనీ, "బతకాలి" అనీ రాయకు. కాగితం మీద అలాంటివి పెట్టకూడదు. చదివేవాళ్ళుంటారు.

ఎండరొట్టె నాలుగు పంపాను పడవలో. మిష్ జున్ను జాడీ కూడా. ఉప్పెక్కువైంది, తిట్టకు.

బదరియ్య

---

మిన్యా,
ఫిబ్రవరి 9

అక్కా,

ఇరవై మూడు! నీకొచ్చినవి ఇరవై మూడు మార్కులు. ఇంతవరకు నా చేతి మీదుగా రెండు వందల పది మంది ఆడవాళ్ళు వెళ్ళారు, ఇంత తక్కువ ఎవరికీ రాలేదు. ఇటుకల బట్టీలో పనిచేసే మీ పక్కింటి హిందావియ్యకి కూడా ఇరవై ఏడొచ్చాయి. కాగితం చేత్తో పట్టుకుని బల్ల ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నన్ను ఎత్తుకుని పెంచిన చెయ్యేనా ఈ టిక్కులు పెట్టింది?

చదివేవాళ్ళెవరు? పడవ మనిషికి అక్షరం ముక్క రాదు. లేక ఇంకా నేల కింది అక్క కథలు నమ్ముతున్నావా? ప్రతి మనిషికీ మట్టి కింద ఒక జత ఉంటుందనీ, గొడ్రాలైన ఆ జత మన పిల్లల మీద కన్నేస్తుందనీ, ముద్దుమాట వినబడితే పైకొచ్చి పట్టుకుపోతుందనీ అవ్వ చెప్పేది. నాకప్పుడు ఏడేళ్ళు, పక్క తడిపేదాన్ని. నీకు ఇప్పుడు ఇరవై తొమ్మిది! మూఢనమ్మకమే పేదవాడి మెడలో రెండో కాడి. ఇది నా వాక్యం కాదు, పుస్తకంలోది.

నీ కాగితం మార్చడం నాకు ఒక్క నిమిషం పని. రబ్బరు నా చేతిలోనే ఉంది. మార్చలేదు. న్యాయం ఇంటి గడప దగ్గర ఆగిపోతే అది న్యాయం కాదు. పద్దులోకి ఎక్కించి, ఎర్ర చుక్క నా చేత్తోనే పెట్టాను.

అక్కడితో ఆగలేదు. తిన్నగా మా పెద్ద డాక్టర్ వజ్దీ గదికి వెళ్ళాను. "ఈ ఆడవాళ్ళు నిజం చెప్పింది మీరు లెక్కపెట్టి బీరువాలో దాచుకోవడానికా? ప్రేమ లేని ఒడిలోకి బిడ్డని ఎలా పంపిస్తారు? ముందు బిడ్డని కాపాడండి, తర్వాత లెక్కలు!" అని రెండు పేజీల అర్జీ రాసి ఆయన టీ గ్లాసు పక్కన కొట్టి పెట్టాను. పనిలోంచి తీసేస్తారనుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి, "ఈ అమ్మాయి చెప్పింది నిజం" అన్నారు. వచ్చే వారం నుంచి కొత్త పద్ధతి వస్తోంది. నా అర్జీ వల్ల!

కోపంతోనే రాస్తున్నాను, కాని నీ కోసమే.

ఇన్సాఫ్

---

నజ్లెత్ హమాం,
అంషీర్ నెల, గాలి

ఇన్సాఫూ,

హిందావియ్య నీ ఆసుపత్రి నుంచి నిన్న వచ్చింది. చేతులు ఖాళీగా. కొడుకట. బాగానే ఉన్నాడట. ఎర్ర చుక్క తల్లి కాబట్టి వాడిని అద్దాల గదిలో ఉంచి సీసాతో పాలు పడుతున్నారట, నలభై రోజుల తర్వాత మళ్ళీ అడిగి, మార్కులొస్తే ఇస్తారట. ఆమె మా గడపలో కూర్చుంది. జాకెట్టు ముందు భాగమంతా తడిసిపోయి ఉంది. అత్త లోపల్నుంచి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"మీ చెల్లెలు నాతో బాగానే మాట్లాడింది. టీ ఇచ్చింది. దాదాపు అన్నిటికీ 'లేదు, లేదు' అన్నాను, అలాగే కదా అనాలి?" అంది హిందావియ్య.

అలాగే కదా అనాలి, ఇన్సాఫ్. మన అమ్మ నిన్ను ఏమని పిలిచేదో గుర్తుందా? "చెత్తగంప". పదేళ్ళు వచ్చేదాకా నీకు కొత్త గౌను కుట్టలేదు, జుట్టు దువ్వలేదు. నీకు ముందు పోయినవాళ్ళు ముగ్గురు. ఆ మూడు పేర్లూ ముద్దు పేర్లే.

కొత్త పద్ధతి అన్నావే, ఇదేనా?

బదరియ్య

---

మిన్యా,
మార్చి 6

అక్కా,

ఇదే. దాచను. మొదట్లో నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడు కూడా తప్పని అనను. తల్లి నోటితో "ఎప్పుడూ లేదు" అని ఇరవైసార్లు చెబితే, ఏ మనస్సాక్షి ఉన్న మనిషి ఆ బిడ్డని ఆమె చేతిలో పెడతాడు? హిందావియ్య కొడుకు బరువు పెరుగుతున్నాడు. రోజూ నేనే తూస్తున్నాను. ఆమెకి చెప్పు.

అద్దాల గదిలో ఇప్పుడు పదకొండు ఉయ్యాలలున్నాయి. తల్లులు శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అద్దం అవతల నిలబడతారు. పది నిమిషాలు. ఎన్నిసార్లు బిడ్డ వైపు చూసింది, ఎన్నిసార్లు నవ్వింది అని నేను గీతలు గీసుకుంటాను. ఒక విషయం చెప్పనా? ఒక్కరూ చూడరు. అద్దం దాకా నడిచొచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, గోడ మీద ఉన్న గడియారం వైపో, నా చెప్పుల వైపో చూస్తూ నిలబడతారు. ఒకామె అయితే "థూ, కోతిపిల్ల" అని అద్దం మీద ఉమ్మినట్టు చేసింది. సున్నా గీతలు. డాక్టర్ వజ్దీ నా కాగితం చూసి తలాడించి, "చూశావా, మన కొలత తప్పలేదు" అన్నారు.

ఆమె వెళ్ళిపోయాక అద్దం తుడిచాను. ఆమె నుదురు ఆనించిన చోట మరక ఉంది. గీతల్లో దానికి గడి లేదు.

చెత్తగంప సంగతి నాకు గుర్తుంది. నాకు కోపం కూడా గుర్తుంది. అమ్మ ఒక్కసారైనా ప్రేమగా పిలిచి ఉంటే నేను ఇలా మండిపోయే మనిషిని అయ్యేదాన్ని కాదేమో.

నీకు ఏప్రిల్ రెండో వారానికి మంచం రాయించాను. నువ్వు వస్తున్నావు. ఈ మాటలో మార్పు లేదు.

ఇన్సాఫ్

---

నజ్లెత్ హమాం,
బరంహాత్ నెల ఆఖరు

ఇన్సాఫూ,

హిందావియ్య కొడుకుని నిన్న మధ్యాహ్నం పూడ్చారు. విరేచనాలన్నారు. సీసా నీళ్ళో ఏమో. నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది, అందుకే ఉత్తరం రాలేదు. ఆమె ఏడవలేదు. "ముద్దు మాట ఒక్కటీ అనలేదక్కా, అయినా ఎలా తెలిసింది?" అని నన్ను అడిగింది. పాలు ఇంకా ఆగలేదు. మంత్రసాని రొమ్ముకి మల్లెపూలు కట్టుకోమంది.

నేను ఇప్పుడు రాసేది చదివి కాల్చెయ్యి. నీళ్ళలో వెయ్యకు, కాల్చు.

మొదటి కాన్పుకి పసుపుపచ్చ గుడ్డ కొని చొక్కా కుట్టాను. మెడ చుట్టూ నీలం దారం. కడుపు మీద చెయ్యేసుకుని పొయ్యి దగ్గర పాడేదాన్ని. నువ్వప్పుడు బడిలో ఉన్నావు. పేరు కూడా పెట్టేశాను పుట్టకముందే. ఎనిమిదో రోజు పోయాడు. ఆ చొక్కాలోనే. రెండోసారి చొక్కా లేదు, పాట లేదు. కాని ఏడో నెలలో గట్టిగా తన్నితే మీ బావ చెయ్యి పెట్టి చూసి, సంతోషం పట్టలేక పొలంలోకి పరిగెత్తి, చెరకు కోసేవాళ్ళందరికీ వినబడేలా "నా కొడుకు!" అని అరిచాడు. మూడు రోజులకి కదలడం ఆగిపోయింది. అందుకే నీ కాగితంలో ఆయన చుట్టం, తలుపు అంటూ తిక్కగా మాట్లాడాడు. ఈ ఎనిమిది నెలల్లో నా కడుపు వైపు ఒక్కసారి చూడలేదు ఆయన. పొలంలో ఒంటరిగా కూర్చుని బీడీలు కాలుస్తాడు.

నీ పుస్తకాలు నిజమే అయి ఉండొచ్చు. నా నేల కింది అక్క అబద్ధమే అయి ఉండొచ్చు. కాని అబద్ధమో నిజమో తేల్చుకోవడానికి నా దగ్గర మూడోది ఒక్కటే ఉంది.

నా కాగితం మార్చు. లేదా నన్ను ఇక్కడే కననివ్వు. నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

అక్క

---

ఆసుపత్రి, కింది అంతస్తు,
ఏప్రిల్ 16

అక్కా,

ఊడ్చే ఆవిడ చేత ఈ చీటీ పైకి పంపుతున్నాను. బంధువునని నన్ను నీ వార్డులోకి రానివ్వడం లేదు.

నీ ఉత్తరం నాకు నిన్న, నిన్ను బావ పడవలో నది దాటించి, గూడ్సు బండిలో పడుకోబెట్టుకుని తెచ్చాక అందింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసానే పంపిందట. ఆ ముసలామె చెయ్యి ముద్దు పెట్టుకోవాలి. ఆమె ఆపి ఉంటే నువ్వూ, నిన్న రాత్రి పుట్టిన పిల్లా ఇద్దరూ దక్కేవారు కాదు.

హిందావియ్య కొడుకు సంగతి నాకు ముందే తెలుసు. వాడి బరువు తగ్గుతూ ఉంటే నాలుగు రోజులు అంకెలు రాశాను. రాసి, పక్కన పెట్టాను. ఉత్తరం రాయడానికి చేతకాలేదు.

డాక్టర్ వజ్దీ దగ్గరికి వెళ్ళాను. మా అక్కది తప్పు కాగితం అన్నాను. "నిజం రాయమని నువ్వే అడిగావు కదా" అన్నారు. మా ఊళ్ళలో అలాగే మాట్లాడతారు, ప్రేమ ఉన్నవాళ్ళే "లేదు" అంటారు అని అరిచాను. ఆయన సొరుగులోంచి నా అర్జీ తీసి, నా వాక్యమే నాకు చదివి వినిపించారు: "ప్రేమ లేని ఒడిలోకి బిడ్డని ఎలా పంపిస్తారు?" ఎంత బాగా రాశావమ్మా అన్నారు. వెక్కిరింపు కాదు. మెచ్చుకోలుగానే అన్నారు. అదే భరించలేకపోయాను.

ఒక్క దారి ఉంది. నీ విషయంలో నలభై రోజులు ఆగకుండా రేపే మళ్ళీ అడుగుతామన్నారు. ముగ్గురు కూర్చుంటారు. కాగితం మీద టిక్కులు కాదు, నోటితో చెప్పాలి. బిడ్డని చూపిస్తారు, పేరు పెట్టి పిలవమంటారు. డెబ్బై దాటితే అప్పుడే ఇచ్చేస్తారు. దాటకపోతే అది అద్దాల గదిలోనే, సీసా పాలతో.

గదిలో ఇప్పుడు ఇద్దరికి విరేచనాలు.

నువ్వేం చెయ్యాలో చెప్పే నోరు నాకు లేదు.

ఇన్సాఫ్

---

నజ్లెత్ హమాం,
బరమూదా నెల

ఇన్సాఫూ,

ఇంటికి చేరాం. ఏడో రోజు వేడుకకి రోలు దంచలేదు, ఉప్పు చల్లలేదు, పిల్లలకి మిఠాయి పంచలేదు. అత్త తలుపు మూసి, బిడ్డని జల్లెడలో పడుకోబెట్టి, నా చేత ఏడుసార్లు దాటించింది. దొంగల్లా చేశాం.

నువ్వు అద్దం అవతల దాన్ని ఎత్తుకుని నిలబడ్డావు, నీకు మాటలు వినబడలేదు కదా. చెబుతాను. కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ మెల్లగానే అడిగింది. "బిడ్డని తలుచుకుంటారా?" ఎల్లప్పుడూ. "ముఖం ఊహించారా?" ఎల్లప్పుడూ. పొయ్యి దగ్గర, పెరట్లో, నమాజులో కూడా. "పోతుందేమోనని భయపడ్డారా?" దానికి నాకు నవ్వొచ్చింది. "పేరు పెట్టి పిలవండి" అంది. పిలిచాను. గట్టిగా. నువ్వు అద్దం వెనక తల పైకెత్తావు, అప్పుడు వినబడిందేమో. డాక్టరు గారు తొంభై ఎనిమిది అన్నారు. ఇంతవరకు ఎవరికీ రాలేదట. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

నేను అబద్ధం చెప్పానని నువ్వనుకుంటావేమో. అబద్ధమైతే బాగుండేది. ఒక్కటీ అబద్ధం కాదు, ఇన్సాఫ్. అందుకే ఇప్పుడు నా కాళ్ళ కింద నేల చల్లగా తగులుతోంది.

మొన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది దానికి. పాలు తాగి కక్కుతోంది. ఎనిమిదో రోజు గడిచింది, సరే. గండం గడిచే నలభయ్యో రోజు ఇంకా దూరం. ఇంట్లో ఎక్కడ నిలబడినా నా వెనక ఎవరో నిలబడినట్టుంది. ఆ నేల కింది అక్కకి నా ఇల్లు తెలుసు, నా గొంతు తెలుసు. నది మాత్రం దాటదంటారు.

అందుకని దాన్ని నీకు ఇచ్చేస్తున్నాను. ఈ ఉత్తరం తెచ్చేది హిందావియ్యే. పాలు ఆమెవి, ఇల్లు నీది. నీ డాక్టర్లలో మంచివాడెవరైనా ఉంటే జ్వరం చూపించు, ఇంజెక్షన్ వేయించు, నేను వద్దనను. కాని ఎవరు అడిగినా రేవులో దొరికిందని చెప్పు. నాకు పిల్లలు లేరు. మీ బావతో కూడా అదే చెప్పాను, ఆయన తలూపి పొలానికి వెళ్ళాడు.

నన్ను చూడ్డానికి తీసుకురాకు. ఎలా ఉందో రాయి. ఎలా రాయాలో నీకు తెలుసు ఇప్పుడు.

బదరియ్య

---

మిన్యా,
మే 22

బదరియ్యకి,

రేవులో దొరికినదాని గురించి అడిగావు. రాసేంత ఏమీ లేదు.

కప్పలా ఉంది. నల్లగా, బట్టతలతో, ఒక చెవి మడతపడి. మా అద్దె ఇంటి యజమానురాలు చూసి, "ఇంత అనాకారిని ఎవరు పారేశారో, వాళ్ళకి తెలివి ఉంది" అంది. నేనూ అవునన్నాను. జ్వరానికి పిల్లల డాక్టరుకి చూపించాను, మా ఆసుపత్రి ఆయన కాదు. తొమ్మిది సూదులు వేశారు. ఏడ్చి ఏడ్చి వీధంతా లేపింది, దిక్కుమాలినది. మొన్న ఒళ్ళు పొయ్యి మీది ఇటుకలా కాలింది. నిన్న చల్లబడింది. ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ కొంచెం వెచ్చగా ఉంది, ఎండవల్ల కావచ్చు. హిందావియ్య దానికి పాలిస్తూ గోడ వైపు చూస్తుంది. నేను కిటికీ వైపు చూస్తాను. మా ఇద్దరిలో ఎవరూ దాన్ని సరిగ్గా చూడలేదు. అయినా మడిచిన చెవి ఎడమదని మా ఇద్దరికీ ఎలాగో తెలుసు.

పాత గోనెగుడ్డ కప్పాను. బట్టలు కుట్టలేదు.

గోడ మీది వాక్యాలు చింపేశాను. పని మానలేదు. మానితే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆడవాళ్ళు వచ్చి "లేదు" అంటారు, నేను "ఎల్లప్పుడూ" మీద టిక్కు పెడతాను. ఈ నెలలో అరవై నాలుగు కాగితాలు నింపాను. మిన్యా ఆడవాళ్ళలో ప్రేమ ఒక్కసారిగా పెరిగిందని డాక్టర్ వజ్దీ ఆశ్చర్యపోతున్నారు. పుస్తకం రాస్తారట. అద్దాల గదిలో రెండు ఉయ్యాలలే మిగిలాయి.

ఇవాళ ముప్ఫై ఏడో రోజు. ఇంకా మూడున్నాయి. ఈ మూడు రోజులూ నాకు రాయకు, నేనూ రాయను. పడవ వచ్చి ఉత్తరం లేకపోతే ఏమీ అనుకోకు.

మధ్యాహ్నం ఆ కప్ప నా వేలు పట్టుకుంది. విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ పక్కనే కూర్చుని, రెండో చేత్తో ఒక కాగితం తీసి నా కోసం నేనే నింపుకున్నాను. ఇరవై ప్రశ్నలకీ నిజమే రాశాను, ఎవరు చదివినా చదువుకోనీ అని కిటికీ కింద, నేలకి దగ్గరగా పెట్టాను.

ఇరవై వచ్చింది. అంతకు తక్కువ రాదు.

ఇన్సాఫ్